బ్లాక్‌చెయిన్‌కు సూచిక రాసుకోవడం: గ్రాఫ్ సీఎల్‌ఐతో ఒక చిట్టీ లెక్క

మా అమ్మ పేరు మీద ఉన్న ఇంటికి ఈసీ తీయించడానికి పోయినేడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాను. ఇల్లు కొన్నది 1978లో. పాత రికార్డు దొరికేదాకా కూర్చోవాల్సి వచ్చింది. పక్కనే ఉన్న డాక్యుమెంట్ రైటర్ ఒకాయన, చాలా ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి, పాత పద్ధతి ఎలా ఉండేదో ఓపికగా చెప్పారు. దస్తావేజులు రిజిస్టర్ అయిన వరుసలోనే ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. పదో నంబరు ఒకరి ప్లాటు అయితే, పదకొండో నంబరు ఊరి ఇంకో చివరనున్న ఎవరిదో ఇల్లు. వరుస తప్పదు, మధ్యలో పేజీ తీయడానికి వీల్లేదు. అంతవరకు బాగుంది. కానీ "ఈ ఇంటి మీద ముప్పై ఏళ్లలో ఏమేం జరిగింది" అని ఎవరైనా వచ్చి అడిగితే, ఆ పుస్తకం ఒక్కదాంతో జవాబు చెప్పాలంటే ప్రతి పేజీ తిప్పాలి. అందుకే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్‌లో సూచికలు వేరుగా రాయమన్నారు. మనుషుల పేర్ల ప్రకారం ఒకటో ఇండెక్స్, ఆస్తి వివరాల ప్రకారం రెండో ఇండెక్స్. ఈసీ కోసం వెతికేది ఆ సూచికల్లోనే. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ ప్రాజెక్టు వచ్చాక కంప్యూటర్లు ఆ వెతుకులాటను నిమిషాల్లోకి తెచ్చాయి గానీ, పుస్తకం వేరు, సూచిక వేరు అన్న పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఆయన చెబుతుంటే నాకు నా ఉద్యోగమే కళ్ల ముందు కనిపించింది. కొండాపూర్‌లో ఒక చిన్న టీమ్‌లో నేను చేసే పని అదే. బ్లాక్‌చెయిన్ అంటే ఒకటో పుస్తకం. జరిగినవన్నీ జరిగిన వరుసలో ఉంటాయి, ఎవరూ చెరపలేరు. పేర్ల ప్రకారమో, ఆస్తి ప్రకారమో వెతుక్కునే సూచిక మాత్రం దానితో పాటు రాదు. మనమే రాసుకోవాలి.

ఆ సూచిక రాయడానికి వాడే పనిముట్లలో గ్రాఫ్ సీఎల్‌ఐ ఒకటి. ది గ్రాఫ్ అనే ఇండెక్సింగ్ వ్యవస్థను వాడుకోవడానికి టెర్మినల్‌లో కమాండ్లు కొట్టే టూల్ అది. దాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఇక్కడ వివరంగా చెబుతాను. కమాండ్లు నడపడం ఒక మధ్యాహ్నం పని. మనుషులు వారాల తరబడి ఇరుక్కునేది మాత్రం రెండు చోట్ల: సూచికను ఏ ప్రశ్నల కోసం రాస్తున్నామో ముందే తేల్చుకోకపోవడం, రాసిన సూచికను అసలు పుస్తకంతో సరిచూడకపోవడం. అందుకని ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

అంతా కనపడుతూనే ఉంది కదా?

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, అమీర్‌పేటలో కోర్సు చేసి నేరుగా వచ్చింది, మొదటి రోజే అడిగిన ప్రశ్న ఇది. "అక్కా, ఎథర్‌స్కాన్‌లో అన్ని లావాదేవీలూ కనపడుతున్నాయి కదా, మళ్లీ మనం ఇండెక్స్ చేసేదేముంది?"

మంచి ప్రశ్న. ఎథర్‌స్కాన్ అంటే ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ లావాదేవీలు చూపించే వెబ్‌సైట్. అది చూపించేది కూడా ఒక సూచికే అన్నది మొదటి జవాబు. వాళ్లు చెయిన్ మొత్తం చదివి, తమ డేటాబేస్‌లో పెట్టుకుని చూపిస్తున్నారు. వాళ్లు ఊహించిన ప్రశ్నలకు అక్కడ జవాబు ఉంటుంది. మన కాంట్రాక్ట్‌కు, అంటే చెయిన్ మీద మనం పెట్టిన ప్రోగ్రామ్‌కు, మాత్రమే ఉండే ప్రశ్నలకు ఉండదు.

రెండో జవాబుకు కాంట్రాక్ట్ కడుపులోకి చూడాలి. మేం నేర్చుకోవడం కోసం ఒక చిట్టీ కాంట్రాక్ట్ రాసుకున్నాం. తెలంగాణలో చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు టీ-చిట్స్ అని బ్లాక్‌చెయిన్ ఆధారంగా పనిచేసే వ్యవస్థ ఉంది కాబట్టి ఆ ఆలోచన సులువుగానే వచ్చింది. మాది దానికి సంబంధం లేని అభ్యాసం, సెపోలియా అనే టెస్ట్‌నెట్ (నిజమైన డబ్బు లేని ప్రయోగ చెయిన్) మీద పెట్టినది. 20 మంది సభ్యులు, నెలకు 5,000, చిట్టీ విలువ 1,00,000. ఒకరు 25,000 తగ్గించుకుని పాట పాడి చిట్టీ ఎత్తితే చేతికి 75,000 వస్తుంది. ఆ 25,000లో ఫోర్‌మన్ కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ తలా 1,000 డివిడెండ్. మా కాంట్రాక్ట్‌లో లెక్క తేలికగా ఉండాలని అందరూ పూర్తి 5,000 కడతారు, డివిడెండ్ విడిగా వెనక్కి వస్తుంది.

ఇప్పుడు "ఇప్పటిదాకా ఎంతమంది కట్టారు, ఎవరెవరు" అని కాంట్రాక్ట్‌ను అడిగి చూడండి. సభ్యుల లెక్క, కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాషలో మ్యాపింగ్ అనే పట్టికలో ఉంటుంది. పట్టిక అన్నాను గానీ అందులో పేర్ల జాబితా ఉండదు. ఒక చిరునామా ఇస్తే, దాన్నీ ఆ మ్యాపింగ్ స్థానం నంబరునూ కలిపి కెచాక్ హ్యాష్ (ఏ డేటానైనా స్థిరమైన పొడవున్న వేలిముద్రగా మార్చే లెక్క) తీసి, ఆ హ్యాష్ చూపించిన చోట విలువను దాచుతుంది. చిరునామా మనకు తెలిస్తే విలువ వస్తుంది. తెలియకపోతే లోపల ఎవరెవరు ఉన్నారో బయటికి రాదు. ఇంటి నంబరు చెబితే తలుపు తీస్తారు గానీ, ఆ వీధిలో ఎన్ని ఇళ్లున్నాయో చెప్పరు. పైగా అందులో ఉండేది ఇవాల్టి నిలవ. మూడో నెలలో ఎంత ఉందో, పాట ఎవరు పాడారో ఆ నిలవలో కనపడదు.

చరిత్ర ఉండే చోటు వేరే ఉంది. కాంట్రాక్ట్ ఏదైనా పని చేసినప్పుడు ఈవెంట్ ఒకటి విడుదల చేయగలదు. అది లాగ్‌గా ఆ లావాదేవీ రసీదులో పడుతుంది. ఖర్చు చూస్తే ఎందుకు అక్కడ రాస్తారో అర్థమవుతుంది. స్టోరేజీలో ఒక కొత్త గడి నింపితే కనీసం 20,000 గ్యాస్ (చెయిన్ మీద పనికి అయ్యే ఖర్చు కొలత). లాగ్‌కు 375 గ్యాస్, ప్రతి టాపిక్‌కు (లాగ్‌ను వెతకడానికి పెట్టే గుర్తుకు) ఇంకో 375, డేటాలో ఒక్కో బైట్‌కు 8. అందుకే కాంట్రాక్ట్ రాసేవాళ్లు కాంట్రాక్ట్‌కు మళ్లీ అవసరమయ్యే నిలవను స్టోరేజీలో పెట్టి, బయటివాళ్లకు అవసరమయ్యే చరిత్రను లాగ్‌లలోకి పంపుతారు. ఒక్క షరతు గుర్తుంచుకోవాలి. లాగ్‌లను కాంట్రాక్టులు తిరిగి చదవలేవు. అవి బయట ఉన్న మనకోసమే.

ఒక్కో లాగ్‌కు గరిష్ఠంగా నాలుగు టాపిక్‌లు. మామూలు ఈవెంట్లలో మొదటిది ఆ ఈవెంట్ సంతకం (పేరు, విలువల రకాలు) తాలూకు హ్యాష్. మిగతా మూడింట్లో, ఈవెంట్ రాసేటప్పుడు ఇండెక్స్‌డ్ అని గుర్తు పెట్టిన విలువలు వస్తాయి. వాటి ఆధారంగా, చెయిన్ నకలు ఉంచుకునే కంప్యూటర్‌ను, అంటే నోడ్‌ను, కావలసిన లాగ్‌లే వడపోసి ఇమ్మని అడగొచ్చు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. స్ట్రింగ్ లాంటి పొడవు మారే విలువకు ఇండెక్స్‌డ్ గుర్తు పెడితే టాపిక్‌లోకి ఆ మాట వెళ్లదు, దాని హ్యాష్ మాత్రమే వెళుతుంది. సభ్యుడి పేరును అలా పెట్టామంటే ఆ పేరు లాగ్‌లో నుంచి ఇక దొరకదు. ఏ పనిముట్టూ దాన్ని తిరిగి తేలేదు. కాబట్టి సూచిక గురించిన ఆలోచన కాంట్రాక్ట్ రాస్తున్నప్పుడే మొదలవ్వాలి. కాంట్రాక్ట్ ఒకసారి ఎక్కించాక ఈవెంట్ మర్చిపోయామని బాధపడి లాభం లేదు.

పని ఎవరు చేస్తారు?

ది గ్రాఫ్ 2018లో మొదలైంది, దాని వికేంద్రీకృత నెట్‌వర్క్ 2020 డిసెంబరులో వచ్చింది. అంతకు ముందు నుంచీ నడిచిన ఉచిత హోస్టెడ్ సర్వీస్‌ను 2024 జూన్‌లో ఆపేశారు. ఇప్పటికీ పాత పాఠాలు చాలావాటిలో ఆ హోస్టెడ్ సర్వీస్‌కు పంపే కమాండ్లే ఉన్నాయి. వాటిని చూసి టైప్ చేసి, పనిచేయట్లేదని టెన్షన్ పడేవాళ్లను ఎంతోమందిని చూశాను. తప్పు మీది కాదు, పాఠం పాతది. ఇప్పుడు పంపాల్సింది సబ్‌గ్రాఫ్ స్టూడియోకు, లేదా మీరు సొంతంగా నడుపుకునే గ్రాఫ్ నోడ్‌కు.

సీఎల్‌ఐ స్వయంగా ఏమీ ఇండెక్స్ చేయదు. మొదట్లో నాకూ ఇది అర్థం కావడానికి సమయం పట్టింది కాబట్టి నొక్కి చెబుతున్నాను. మీ ల్యాప్‌టాప్‌లో కమాండ్ అయిపోయి "డిప్లాయ్ అయింది" అని వచ్చిందంటే పని పూర్తయిందని కాదు, పని అప్పగించామని. చెయిన్‌ను బ్లాకు తర్వాత బ్లాకు చదివేది రస్ట్ భాషలో రాసిన గ్రాఫ్ నోడ్. అది చదివినదాన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెడుతుంది. గ్రాఫ్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాషలో మనం అడిగితే జవాబిస్తుంది. సీఎల్‌ఐ చేసేదల్లా ఏం చదవాలో, ఎలా రాసుకోవాలో చెప్పే ఆదేశపత్రాన్ని తయారు చేసి, కంపైల్ చేసి, ఐపీఎఫ్‌ఎస్ అనే వికేంద్రీకృత ఫైళ్ల నిల్వలోకి ఎక్కించి, నోడ్‌కు అందించడం. ఆ ఆదేశపత్రం పేరే సబ్‌గ్రాఫ్.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద విషయం కాదు. నోడ్ జేఎస్ తాజా ఎల్‌టీఎస్ వెర్షన్ పెట్టుకుని, ఎన్‌పీఎమ్‌తో గ్రాఫ్ సీఎల్‌ఐ ప్యాకేజీని గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేయాలి. లినక్స్‌లో పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే చాలామంది వెంటనే ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) తగిలిస్తారు. అలా చేస్తే ఆ తర్వాత ప్రతిదానికీ సుడో అడుగుతూనే ఉంటుంది. నోడ్ జేఎస్ వెర్షన్లను చూసుకునే ఎన్‌వీఎమ్ ద్వారా దాన్ని పెట్టుకుంటే ఆ గొడవే రాదు. విండోస్ వాడేవాళ్లకు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు పెట్టుకోమనే నా సలహా.

ఆ తర్వాత గ్రాఫ్ ఇనిట్ అని కొడితే వరుసగా ప్రశ్నలు అడుగుతుంది: ఏ నెట్‌వర్క్, కాంట్రాక్ట్ చిరునామా ఏమిటి, ఏ బ్లాకు నుంచి మొదలుపెట్టాలి, కాంట్రాక్ట్ పేరేమిటి, ఈవెంట్లను ఉన్నవున్నట్టు ఎంటిటీలుగా (సూచికలోని పట్టికలుగా) మార్చాలా. కాంట్రాక్ట్ సోర్స్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో వెరిఫై చేసి ఉంటే ఏబీఐని అదే తెచ్చుకుంటుంది. చేయకపోతే కాంట్రాక్ట్‌ను కంపైల్ చేసే హార్డ్‌హ్యాట్ లేదా ఫౌండ్రీ తయారు చేసిన ఫైలు ఎక్కడుందో మనం చూపించాలి. ఏబీఐ అంటే కాంట్రాక్ట్‌లో ఏ ఫంక్షన్లు, ఏ ఈవెంట్లు, ఏ రకం విలువలతో ఉన్నాయో చెప్పే జాబితా. అది లేకపోతే లాగ్‌లోని డేటా ఒట్టి అంకెల మూట.

మొదలుపెట్టే బ్లాకు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కాంట్రాక్ట్ పుట్టిన బ్లాకు నంబరు అక్కడ ఉండాలి. అది ఇవ్వకుండా సున్నా వదిలేస్తే, నోడ్ ఆ చెయిన్ మొదటి రోజు నుంచి వెతుకుతూ వస్తుంది. ఎథీరియం మెయిన్‌నెట్ అయితే 2015 జులై నుంచి, సెపోలియా అయితే 2021 అక్టోబరు నుంచి. 1978లో కొన్న ఇంటి ఈసీ కోసం నిజాం కాలం రిజిస్టర్ల నుంచి వెతకమన్నట్టు. అసలు నంబరు కంటే ఎక్కువ ఇస్తే మరీ ప్రమాదం. వేగంగా అయిపోతుంది, ఏ ఎర్రరూ రాదు, మొదటి నెల వాయిదాలు మాత్రం సూచికలో ఉండవు.

మూడు ఫైళ్లు

ఇనిట్ అయ్యాక ఫోల్డర్‌లో చాలా ఫైళ్లు కనిపిస్తాయి గానీ మనం చేతిపెట్టాల్సినవి మూడే.

మొదటిది యామల్ రూపంలో ఉండే మ్యానిఫెస్ట్. ఏ నెట్‌వర్క్, ఏ చిరునామా, ఏ ఈవెంట్ వస్తే ఏ ఫంక్షన్ పిలవాలి అన్నది అందులో ఉంటుంది. ఈవెంట్ సంతకాన్ని ఇక్కడ ఇండెక్స్‌డ్ గుర్తులతో సహా, ఏబీఐలో ఉన్నట్టే రాయాలి. ఒక్క గుర్తు మర్చిపోయినా అలాంటి ఈవెంట్ ఏబీఐలో లేదని బిల్డ్ ఆగిపోతుంది. ఆగిపోవడం మన మంచికే.

రెండోది స్కీమా, అంటే సూచికలో ఏ పట్టికలు ఉండాలో చెప్పే ఫైలు. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ప్రాణం. ఇనిట్ ఇచ్చే స్కీమా ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో పట్టికలా ఉంటుంది. అది సూచిక కాదు, ఒకటో పుస్తకానికి నకలు. ఆ కొత్త అమ్మాయితో ఆ ఫైలు మూసేయించి, ముందు కాగితం మీద ప్రశ్నలు రాయించాను. ఈ సభ్యుడు ఇప్పటిదాకా ఎంత కట్టాడు? ఈ నెల ఇంకా ఎవరు కట్టలేదు? ఇప్పటిదాకా చిట్టీ ఎత్తనివాళ్లు ఎవరు? ప్రతి నెలా పాట ఎంతకు పోయింది? నాలుగు ప్రశ్నలు రాసేసరికి పట్టికలు వాటంతటవే తేలాయి. సభ్యుడు ఒక ఎంటిటీ, వాయిదా ఒకటి, పాట ఒకటి, చిట్టీ ఒకటి. సభ్యుడి దగ్గర మొత్తం కట్టిన సొమ్ము, చిట్టీ ఎత్తాడా లేదా అన్న గుర్తు ఉంటాయి. "ఎవరు కట్టలేదు" అన్న ప్రశ్న కాస్త పెంకిది. జరగనిదానికి ఈవెంట్ ఉండదు. కాబట్టి సభ్యులందరి జాబితా చిట్టీ మొదలైన ఈవెంట్ నుంచే రాసుకుని ఉండాలి, అప్పుడే కట్టినవాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లు దొరుకుతారు. ఆ ప్రశ్న ముందే అనుకోకపోతే మా కాంట్రాక్ట్ మొదటి ఈవెంట్‌లో సభ్యుల చిరునామాలు పెట్టేవాళ్లమే కాదు.

మూడోది మ్యాపింగ్ (పైన చెప్పిన సాలిడిటీ పట్టిక కాదు, పేరు మాత్రమే ఒకటి). ఈవెంట్ వచ్చినప్పుడు ఎంటిటీలను ఎలా నింపాలో చెప్పే కోడ్. చూడడానికి టైప్‌స్క్రిప్ట్‌లా ఉంటుంది గానీ అసెంబ్లీస్క్రిప్ట్ అనే వేరే భాష. కంపైల్ అయ్యాక వెబ్ అసెంబ్లీగా మారుతుంది. టైప్‌స్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. క్లోజర్లు (బయటి వేరియబుళ్లను పట్టుకుని ఉండే ఫంక్షన్లు) పనిచేయవు, శూన్యం కావొచ్చన్న విలువను ప్రతిసారీ చూసుకుని వాడాలి. ఇంటర్నెట్ నుంచి ఏదో ఒక వెబ్ సర్వీస్‌ను పిలుద్దామంటే కుదరదు, ఇప్పటి టైమ్ ఎంతో అడుగుదామన్నా కుదరదు. ఈ ఆంక్షల వెనుక గట్టి కారణం ఉంది. ఒకే సబ్‌గ్రాఫ్‌ను ఇవాళ హైదరాబాద్‌లో ఒకరు, వచ్చే ఏడాది ఇంకో దేశంలో ఇంకొకరు నడిపినా అక్షరం తేడా లేకుండా అదే సూచిక రావాలి. సమయం కావాలంటే బ్లాకులో ఉన్న టైమ్‌స్టాంపే వాడాలి. పుస్తకం నుంచి మళ్లీ మొదటి నుంచి రాసుకోగలిగితేనే అది సూచిక. లేకపోతే అది ఇంకో పుస్తకం అవుతుంది, దాన్ని ఎవరు నమ్మాలి?

మ్యాపింగ్‌లో నుంచి కాంట్రాక్ట్ ఫంక్షన్లను పిలవొచ్చు. కానీ ఒక్కో పిలుపూ ఎథీరియం నోడ్ దగ్గరికి వెళ్లి రావాలి, వేల ఈవెంట్ల మీద అది మొత్తం పనిని నత్తనడక చేస్తుంది. కావలసిన విలువ ఈవెంట్‌లోనే ఉంటే పిలవాల్సిన పనే ఉండదు. ఇది కూడా కాంట్రాక్ట్ రాసేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి.

మూడు ఫైళ్లూ అయ్యాక గ్రాఫ్ కోడ్‌జెన్ కొడితే స్కీమా నుంచి, ఏబీఐ నుంచి క్లాసులు తయారవుతాయి. స్కీమా మార్చిన ప్రతిసారీ దీన్ని మళ్లీ నడపాలి. తర్వాత గ్రాఫ్ బిల్డ్. స్టూడియోకు పంపాలంటే అక్కడ ఇచ్చిన డిప్లాయ్ కీతో గ్రాఫ్ ఆథ్, ఆపైన గ్రాఫ్ డిప్లాయ్. ఆ కీని గిట్‌లోకి ఎక్కించకండి.

ఇంట్లో నడుపుకుంటే

నేర్చుకునేవాళ్లకు నేను మాత్రం సొంత ల్యాప్‌టాప్‌లోనే గ్రాఫ్ నోడ్ నడపమని చెబుతాను. డాకర్ కంపోజ్‌తో మూడు కంటైనర్లు (విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ మూటలు) లేస్తాయి: గ్రాఫ్ నోడ్, ఐపీఎఫ్‌ఎస్, పోస్ట్‌గ్రెస్. ప్రశ్నలు అడిగేది 8000 పోర్టులో, సబ్‌గ్రాఫ్ పంపేది 8020లో, ఎంతవరకు వచ్చిందో చూసేది 8030లో. ఐపీఎఫ్‌ఎస్ 5001. పోస్ట్‌గ్రెస్‌ను విడిగా మీరే పెట్టుకుంటే డేటాబేస్ లొకేల్ సీ అని, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉండాలి, లేకపోతే నోడ్ మొరాయిస్తుంది.

ఇక్కడ రెండు చోట్ల అందరూ పడతారు. కంపోజ్ ఫైల్‌లో చెయిన్‌కు మెయిన్‌నెట్ అని పేరు పెట్టి ఉండి, మీ మ్యానిఫెస్ట్‌లో వేరే పేరు ఉంటే నోడ్ ఆ సబ్‌గ్రాఫ్‌ను ఒప్పుకోదు. నిజానికి అది మెయిన్‌నెట్ కాకపోయినా సరే, రెండు చోట్లా పేరు ఒకటే ఉండాలి. రెండోది, ఆన్విల్ లాంటి లోకల్ చెయిన్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చేది. అది కొత్త చెయిన్, మొదటి బ్లాకు హ్యాష్ కూడా కొత్తది. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం పాత చెయిన్ గుర్తు ఉండిపోతుంది. నోడ్ రెండూ సరిపోలడం లేదని ఆగుతుంది. అప్పుడు కంటైనర్లు ఆపి, పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్ తీసేసి, మొదటి నుంచి నడపాలి. డేటా పోతుందని భయం అక్కర్లేదు.

ఎర్రర్ రాని తప్పులు

ఎర్రర్ వచ్చే తప్పు సరిచేయొచ్చు. నన్ను నిద్రపోనివ్వనివి ఎర్రర్ రానివి.

ప్రాక్సీ కాంట్రాక్టులతో మొదలుపెడతాను. ఇవాళ పెద్ద కాంట్రాక్టులు చాలావరకు ప్రాక్సీ వెనుక, అంటే పిలుపులను తమకు అందించే ఇంకో కాంట్రాక్ట్ వెనుక ఉంటాయి. ఈవెంట్లు ప్రాక్సీ చిరునామా మీదే పడతాయి, వాటి వివరం ఉన్న ఏబీఐ మాత్రం వెనకున్న అసలు కాంట్రాక్ట్‌ది. ఇనిట్ ప్రాక్సీ ఏబీఐ తెచ్చి, అందులో అప్‌గ్రేడ్ ఈవెంట్ లాంటివి ఒకటి రెండు చూపించిందంటే అనుమానపడాలి. చిరునామా ప్రాక్సీది, ఏబీఐ అసలుది పెట్టుకోవాలి.

తర్వాత దశాంశ స్థానాలు. చెయిన్‌లో భిన్నాలు ఉండవు, అన్నీ పూర్ణాంకాలే. యూఎస్‌డీసీ, యూఎస్‌డీటీ టోకెన్లకు ఎథీరియం మీద 6 స్థానాలు, డాయ్‌కు, ఈథర్‌కు 18. మా చిట్టీలో వాడిన టెస్ట్ టోకెన్‌కు 6. అంటే 5,000 వాయిదా లాగ్‌లో 500 కోట్లుగా కనిపిస్తుంది. అందరికీ అలవాటైన 18తో భాగించామంటే ఆ వాయిదా కంటికి కనపడనంత చిన్నదైపోతుంది. సూచికలో పూర్ణాంకాన్నే ఉంచి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రమే భాగించడం నా పద్ధతి.

చెయిన్ చివర కూడా ఒక చిక్కు ఉంది. కొత్తగా వచ్చిన బ్లాకులు ఒక్కోసారి పక్కకు పోయి వాటి చోట వేరే బ్లాకులు రావచ్చు. దీన్ని రీఆర్గ్ అంటారు. గ్రాఫ్ నోడ్ దాన్ని గుర్తించి, ఆ బ్లాకుల వల్ల రాసినదాన్ని వెనక్కి తీసుకుని కొత్తవాటిని చదువుతుంది. ఆ పని మనం చేయక్కర్లేదు. కానీ మన వెబ్‌సైట్ ఆ కొద్దిసేపట్లోనే "సొమ్ము అందింది" అని మెసేజ్ పంపేస్తే దాన్ని వెనక్కి తీసుకోలేం. ఎథీరియంలో 12 సెకన్లకు ఒక స్లాట్, 32 స్లాట్లు ఒక ఎపోక్, మామూలుగా రెండు ఎపోక్‌లకు బ్లాకు ఖాయమవుతుంది. అంటే దాదాపు 13 నిమిషాలు. డబ్బు సంగతి కాబట్టి మేం అంతవరకు "ధృవీకరణ జరుగుతోంది" అనే చూపిస్తాం.

ప్రశ్న అడిగేటప్పుడు కూడా ఒకటి మర్చిపోకూడదు. ఎన్ని కావాలో చెప్పకపోతే గ్రాఫ్‌క్యూఎల్ 100 వరుసలే ఇస్తుంది, అడిగినా ఒక్కసారికి 1,000 దాటదు. 101వ సభ్యుడు సూచికలో లేడనుకుని కంగారుపడేది ఇందుకే.

పుస్తకంతో సరిచూడడం

మూడు నెలల వాయిదాలు టెస్ట్‌నెట్ మీద పూర్తి చేశాం. 20 మంది, మూడు నెలలు, 5,000 చొప్పున: 3,00,000 రావాలి. సభ్యుల ఎంటిటీల్లో మొత్తాలు కలిపితే సరిగ్గా 3,00,000 వచ్చింది. సంతోషించి ఊరుకునేవాళ్లమే. ఆ అమ్మాయే అంది, "అక్కా, వాయిదాల లిస్టు కూడా ఒకసారి కలుపుదామా?" కలిపితే 2,95,000. వరుసలు 60 ఉండాల్సిన చోట 59.

కారణం వెతకడానికి సాయంత్రం పట్టింది. ఒక సభ్యుడు రెండో నెల, మూడో నెల వాయిదాలు ఒకే లావాదేవీలో కట్టాడు. ఇనిట్ ఇచ్చిన కోడ్‌లో ప్రతి వరుస ఐడీకి లావాదేవీ హ్యాష్‌తో పాటు లాగ్ నంబరు కూడా కలిపి ఉంటుంది. మేం అది తీసేసి ఒట్టి హ్యాష్ పెట్టాం, లింకుల్లో పొట్టిగా ఉంటుందని. పైగా ఆలస్యమైన వాయిదాలకు తర్వాత గుర్తు పెట్టుకుందామని ఆ ఎంటిటీని మార్చుకోదగ్గదిగా ఉంచాం. ఒకే హ్యాష్‌తో రెండో వాయిదా వచ్చి మొదటిదాని మీద కూర్చుంది. సభ్యుడి మొత్తం మాత్రం ఈవెంట్ వచ్చినప్పుడల్లా కూడుతుంది కాబట్టి అక్కడ తప్పు తెలియలేదు. రెండు నిజమైన వాయిదాల్లో ఒకటి సూచికలో నుంచి మాయమైంది. నిజమైన చిట్టీలో అయితే, కట్టిన మనిషిని కట్టలేదని అడిగేవాళ్లం. ఆ ఆలోచనకే నాకు గుండె ఝల్లుమంది.

అప్పటి నుంచి ప్రతి సబ్‌గ్రాఫ్‌కూ సరిచూసే చిన్న స్క్రిప్ట్ రాయకుండా పని అయిందనుకోవడం మానేశాం. ఒక బ్లాకు నంబరు ఎంచుకోవాలి. ఆ బ్లాకు దగ్గర కాంట్రాక్ట్ చెప్పే మొత్తం ఎంత, అదే బ్లాకు దగ్గర సూచికలో వరుసలన్నీ కూడితే ఎంత. రెండూ ఒకటి కావాలి. గ్రాఫ్‌క్యూఎల్‌లో బ్లాకు నంబరు ఇచ్చి పాత స్థితి అడగొచ్చు, సూచిక ఎక్కడిదాకా వచ్చిందో, లోపాలేమైనా ఉన్నాయో మెటా అనే ఫీల్డ్ చెబుతుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఇనిట్ ఇచ్చే మ్యానిఫెస్ట్‌లో పాత చరిత్రను కత్తిరించే ప్రూన్ సెట్టింగు ఆటో అని ఉంటుంది, అలా ఉంటే బాగా పాత బ్లాకుల స్థితి అడగడం కుదరదు. దాన్ని నెవర్ అని మార్చుకోవాలి. అటు కాంట్రాక్ట్ వైపు, గెత్ అనే ప్రోగ్రామ్‌తో నడిచే మామూలు ఎథీరియం ఫుల్ నోడ్ చివరి 128 బ్లాకుల స్థితినే ఉంచుకుంటుంది, దాదాపు 25 నిమిషాలు. అంతకు పాతది కావాలంటే పాత స్థితులన్నీ దాచుకునే ఆర్కైవ్ నోడ్ ఉండాలి. మేం ఖాయమైన బ్లాకుల్లో కొత్తది ఎంచుకుని అక్కడే పోలుస్తాం. ఆర్కైవ్ అవసరం రాదు.

పాండర్, ఎన్వియో లాంటి వేరే ఇండెక్సర్లు కూడా వచ్చాయి. టైప్‌స్క్రిప్ట్‌లోనే రాసుకోవాలనుకునేవాళ్లకు అవి హాయిగా ఉంటాయి, ఒక చిన్న ప్రాజెక్టుకు నేనూ పాండర్ వాడాను. ఏది వాడినా మొదలుపెట్టే బ్లాకు, ఐడీ, దశాంశాలు, రీఆర్గ్ అలాగే ఉంటాయి.

ఐడీకి లాగ్ నంబరు మళ్లీ కలిపాం. కోడ్‌జెన్, బిల్డ్, డిప్లాయ్ చేసి, కొత్త వెర్షన్ మొదటి బ్లాకు నుంచి చదువుతూ వస్తుంటే ఇద్దరం టీ తెచ్చుకుని చూస్తూ కూర్చున్నాం. మా కాంట్రాక్ట్ చిన్నది, ఎక్కువసేపు పట్టలేదు. ఆ అమ్మాయి స్క్రిప్ట్ నడిపింది. కాంట్రాక్ట్ వైపు 3,00,000. సూచిక వైపు 60 వరుసలు, 3,00,000.